గోరంత సందు

మూతలు జారిపడని రోజు లేదు నా వంటింట్లో.
పది గిన్నెలకు పద్నాలుగు మూతలు.
ఆ నాలుగూ దేనివో
కాపురానికొచ్చిన ముప్పై ఎనిమిదేళ్లలో
తేల్చుకోలేకపోయాను.
గరిటె కోసం సొరుగులో చెయ్యి పెడితే
జల్లెడ వచ్చేది,
దాని వెంట ఓ తాడు ముక్క, రెండు గాలాలు.

"లోపల పట్టేలా చెక్క అరలు చేసిపెట్టు, బౌదీలియో.
దేని గది దానికి" అన్నాను.
చిలోయె దీవిలో వాన
ఊపిరి తీసుకోడానికి ఆగిన ఒక ఆదివారం.

నలభై పడవలు కట్టిన చెయ్యి ఆయనది.
కానీ పడవలో మూలమట్టానికి పనేముంది?
పక్కటెముకలన్నీ వంపులే,
అడుగు చెక్క కూడా అలను తలుచుకుని కాస్త వంగే ఉంటుంది.
మొదటి పెట్టెకు నాలుగు మూలలూ
అలిగిన తోడికోడళ్లలా తలో దిక్కూ చూశాయి.
పొయ్యిలో పెట్టాను.
బాగా మండింది, ఆ మాట చెప్పాలి.

రెండోసారి మొండికేశాడు.
చెంచాల్ని బల్లమీద బారుగా పడుకోబెట్టి
చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీశాడు,
ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్ల ఆనవాళ్లు రాసుకుంటున్నట్టు.
ప్లాస్టిక్ పడవ చవగ్గా వస్తోందని
బేరం మానుకుపోయినవాడి కోసం కోసిన సైప్రస్ చెక్క
షెడ్డులో మూడేళ్లుగా పడి ఉంది.
దాన్ని దించాడు.
చిత్రిక పడుతుంటే లేచిన చుట్టలు
కోళ్లు పురుగులనుకుని పొడిచి వదిలేశాయి.

మేకు లేదు. గాడిలో నాలుక, నాలుక వెనక చీల.
కత్తులకు సన్నగా, గరిటెలకు లోతుగా,
మూతలు నిలబడటానికి పళ్ల దువ్వెన లాంటి వరస.
సొరుగులోకి దింపి, మునివేలితో చుట్టూ తడిమి
"చూడు, నీటిచుక్క దూరదు" అన్నాడు.
"నా సొరుగులోకి సముద్రమెందుకొస్తుందయ్యా?" అన్నాను.
వినలేదు. చెవిమీద పెన్సిల్ కోసం తడుముకుంటున్నాడు.

జూన్ వచ్చింది.
వాన పక్కకి కురిసింది, కింది నుంచి పైకి కురిసింది,
తాళం కప్పల్లోకీ ఉప్పు డబ్బాలోకీ కురిసింది.
ఒక పొద్దున సొరుగు లాగితే
పిడి నా చేతికొచ్చింది, సొరుగు రాలేదు.

పొరుగింటి సెల్మీరా కొవ్వొత్తి మైనం రాయమంది.
పగలగొట్టమన్నాడు మా మరిది.
ఈయన మాత్రం చెక్కమీద చెయ్యేసి,
కాన్పు చేసిన మంత్రసానిలా తృప్తిగా అన్నాడు:
"నీళ్లు తాగి బిగుసుకుంది. దాని పని అది చేసింది."

ఆ చలికాలమంతా ఆల్చిప్పలతో పులుసు తాగాం.
విరిగిన తెడ్డుతో కలిపాను.
ఆయన జేబుకత్తి ఒక్కటే, ఇద్దరికీ.
ఏది ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు:
ఎడమన కత్తులు, పక్కన చెంచాలు,
వాటి వెనక మూతలు, దిక్కులేని ఆ నాలుగింటితో సహా.
ఇంత పద్ధతిగల వంటిల్లు నాకెన్నడూ లేదు.
చూసుకునే యోగమే లేదు.

ఆయనకేమో పెన్సిల్ బెంగ.
"నువ్వే పొయ్యిలో పారేశావు, ఒతీలియా."
మొదటి పెట్టె సంగతి మనసులో పెట్టుకుని అన్న మాట అది.
నాలుగు నెలలు, పొద్దునొకసారి, దీపాలవేళ ఒకసారి.

అక్టోబరు చివర దక్షిణపు గాలి తిరిగింది.
వరసగా మూడు రోజులు ఎండ.
బంగాళదుంపలు చెక్కుతున్నాను, వెనక
టక్‌మంది.
తిరిగి చూస్తే సొరుగు
తనంతట తానే వేలెడు ముందుకొచ్చి కూర్చుంది,
ఎవరో లోపలి నుంచి నెట్టినట్టు.

లాగాను. వచ్చింది.
కత్తులు కత్తుల్లాగే, మూతలు నిలబడే.
పెద్ద గరిటె గుంటలో
వెచ్చగా పడుకుని ఎర్ర పెన్సిల్.

కేకెయ్యలేదు.
పెన్సిల్ మొన నాలుకకు అద్ది
సొరుగు పక్క చెక్కమీద, ఈ చివర నుంచి ఆ చివరకు
ఒక గీత గీశాను, గోరంత లోపలికి:
ఇంతవరకూ చిత్రిక పట్టు, చాలు.

ఆయన బూట్లు విప్పుకుని లోపలికొచ్చేసరికి
బల్లమీద రెండు చెంచాలున్నాయి.
పెన్సిల్ నా చెవిమీద ఉంది.